గ్రహణం పూట పోయిన సాక్ష్యం

గ్రహణం రోజున ఊరంతా పొయ్యిలు ఆర్పి తలుపులు మూసుకుంటే, మేం కావాలని వీధిలో స్టవ్వు పెట్టి ఉప్మా వండుకుని తినేవాళ్లం. వచ్చినవాళ్లకు పెట్టేవాళ్లం. కడుపుతో ఉన్న ఆడవాళ్లు ధైర్యం చేసి బయటికి వస్తే కుర్చీ వేసి, కూరగాయలు తరగమని కత్తిపీట కూడా ఇచ్చేవాళ్లం. తొంభైల్లో విశాఖ ఉక్కునగరంలోనూ గాజువాకలోనూ ఇలాంటి సభలు చాలా పెట్టాం. వాటిలో దేనికీ నేను సిగ్గుపడను. చంద్రుడు అడ్డం వస్తే మన అన్నంలో విషం పుడుతుందని చెప్పేవాడు, ఆ విషం ఏమిటో, దర్భపుల్ల వేస్తే అది ఎలా విరుగుతుందో కూడా చెప్పాలి. ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పరు.

అయినా రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన ఒక గ్రహణం గురించి రాయక తప్పడం లేదు. ఆ పూట మా హేతువాద సంఘం కంప్యూటర్లో హార్డ్ డిస్కు పోయింది. మా వ్యాసాలో ఫొటోలో పోతే ఇంత రాసేవాణ్ని కాదు. ఒక ఆడమనిషి తన సొంత ఊళ్లో నిర్భయంగా బతకడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం ఆ డిస్కులో ఉంది.

నేను పోర్టులో, ఇనుప ఖనిజం నిల్వ చేసే యార్డు ఆఫీసులో గుమస్తాను. మా వాళ్లు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగాల కోసం ఇక్కడికి చేరినవాళ్లు. ఆఫీసు వదిలాక నాకు సభలు, వ్యాసాలు, వాదాలు తప్ప వేరే లోకం ఉండేది కాదు. మా సంఘంలో కంప్యూటర్ తెలిసినవాడు ఒక్కడే. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్, భీమిలి వైపు మనిషి. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. కంప్యూటర్ ఉండేది ఉక్కునగరంలో అతని క్వార్టర్లోనే.

ఆ గ్రహణానికి ఉప్మాతో సరిపెట్టుకోకూడదనుకున్నాం. కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదంటారు కదా, మొదలుపెట్టి చూపిద్దామన్నాడు బావ. పత్రికతో ఉచితంగా వచ్చిన లైనక్స్ సీడీ ఒకటి అతని దగ్గర ఉంది, కంప్యూటర్ని నడిపించే కొత్త వ్యవస్థ. అందులో తెలుగు అక్షరాలు బాగా కనిపిస్తాయట. గ్రహణం పట్టగానే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టి, విడిచేలోపు పూర్తి చేసి, తెరమీద పెద్ద అక్షరాల్లో 'ఏమీ కాలేదు' అని చూపించాలన్నది ఏర్పాటు. కంప్యూటర్ని క్వార్టర్ ముందు బల్లమీదకు తెచ్చి, కిటికీలోంచి వైరు లాగాం. జనం బాగానే వచ్చారు. నేను మైకు పట్టుకుని రాహువు తల గురించి మాట్లాడుతున్నాను.

పక్క క్వార్టర్ పెద్దాయన తలుపు వేసుకోబోతూ ఆగాడు. "ఏటి బావా, గెరనం ఒదిలేదాకా ఆగనేవేటి? ఆ పెట్టి పేల్తాది సూడు."

"పేల్తే నీ ఇంటికే ఒత్తాను బావా, సల్లార్పుకోడానికి. బిందె నింపి ఉంచు" అన్నాడు మా బావ అతని వైపు తిరిగి. జనం నవ్వారు. నేనూ మైకులోనే నవ్వాను.

సరిగ్గా ఆ క్షణంలో తెరమీద ఒక ప్రశ్న ఉంది. పాత సరుకును అలాగే ఉంచి ఖాళీ జాగాలో ఎక్కించాలా, డిస్కు మొత్తాన్ని చెరిపి ఎక్కించాలా అని. రెండోదానికే ముందుగా గుర్తు పెట్టి ఉంది. బావ నవ్వుతూ ఇటు తిరుగుతూ ఎంటర్ నొక్కాడు. నీలం గీత ఒకటి తెరమీద ఎడమనుంచి కుడికి నడవడం మొదలుపెట్టింది. కొంత దూరం నడిచాక అతను దాన్ని చూశాడు. బల్ల కిందికి వంగి వైరు లాగేశాడు.

"ఏమైంది?" అన్నాను మైకు పక్కకు పెట్టి.

"ఏటీ నేదు. నువ్వు మాటాడు."

నేను మాట్లాడాను. గ్రహణం విడిచేదాకా మాట్లాడాను. తెర నల్లగానే ఉంది. చివరికి పక్క క్వార్టర్ పెద్దాయన తలుపు తీసి, స్నానం చేసిన తడి తలతో వచ్చి, ఆ నల్లటి తెరను చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లాడు. ఏదో ఒకటి అని ఉంటే జవాబు చెప్పేవాణ్ని.

డిస్కు మొదట్లో కాస్తంత చోటు ఉంటుందట. ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో రాసి ఉంటుంది. దాన్ని పార్టిషన్ టేబుల్ అంటారు. ఇన్‌స్టాల్ ప్రోగ్రాం అన్నిటికంటే ముందు దాన్ని చెరిపి తన లెక్క రాసుకుంది. నాకు అర్థం కావాలని బావ మా యార్డు భాషలో చెప్పాడు. యార్డులో ఏ గుట్ట ఏ ఓడ సరుకో చెప్పే బోర్డులు పాతి ఉంటాయి. రాత్రికి రాత్రి ఎవడో బోర్డులన్నీ పీకేస్తే గుట్టలు ఎక్కడికీ పోవు. బోర్డులు తిరిగి పాతుకోవచ్చు. కానీ బోర్డు లేదు కదా, ఖాళీయే అనుకుని ఎవడైనా ఆ చోటుని చదును చేసి కొత్త సరుకు దించితే, దాని కిందది ఇక దొరకదు.

"మరి దించారా?" అన్నాను.

"వైరు లాగిందాకా దించుతానే ఉంది బావా. ఎంతమేర దించిందో సూడాల. అందాకా దాన్నెవులూ ముట్టకండి."

ఇద్దరికీ ఒకే ఫైలు మనసులో ఉంది.

అచ్యుతాపురం దాటి లోపలికి వెళితే వచ్చే ఒక చిన్న ఊరు. ఫ్యాక్టరీల కోసం చుట్టుపక్కల భూములు తీసుకుంటున్న రోజులు. ఆ ఊళ్లో భర్త చనిపోయిన ఒకావిడ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తూ ఒంటరిగా ఉండేది. గ్రహణానికి రెండేళ్ల ముందు ఊరిపెద్ద మనవడికి జ్వరం వచ్చి ఎన్నాళ్లకూ తగ్గలేదు. ఆవిడే చిల్లంగి పెట్టిందన్నారు. మా ఉత్తరాంధ్రలో చేతబడిని చిల్లంగి అంటారు. చిల్లంగి పెట్టేవాళ్లకు ముందుపళ్లు ఊడగొట్టేస్తే మంత్రం నోట సరిగ్గా పలకదని, ఇక అది పారదని నమ్మకం. ఊడగొట్టడమంటే రాయితో. ఇది కథ కాదు. ఈ జిల్లాల్లో అలా పళ్లు పోయినవాళ్లతో నేను స్వయంగా మాట్లాడాను. 'మా సంస్కృతి' అని రొమ్ము విరుచుకునే పండితులు ఎవరూ ఆ నోళ్లను చూడటానికి బస్సెక్కి రాలేదు.

మేం ఒక డాక్టర్ని వెంటబెట్టుకుని వెళ్లాం. పిల్లాడికి రక్తపరీక్ష చేయిస్తే టైఫాయిడ్ అని తేలింది. మందులు వాడితే తగ్గింది. బడి అరుగు మీద మీటింగ్ పెట్టి ఊరిపెద్దను మాట్లాడమన్నాం. అతను మొండివాడే గానీ మనవడు లేచి తిరుగుతున్న సంతోషంలో ఉన్నాడు. "ఆవిడ మీద మోపిన మాట తప్పు. మా గుంటడికి ఒచ్చింది టైఫాయిడ్. ఇకమీదట ఎవులైనా ఆవిడ్ని చిల్లంగి అంటే నానూరుకోను" అని కెమెరా ముందు, ఊరందరి ముందు చెప్పాడు. అప్పటిదాకా ఆవిడను రానివ్వని కుళాయి దగ్గర అదే రోజు బిందె పెట్టుకుంది.

కెమెరా మాది కాదు. పెళ్లి వీడియోలు తీసే ఒక మిత్రుడిది. క్యాసెట్టూ అతనిదే. మా పద్ధతి ఎప్పుడూ అదే. అతను అరువిచ్చేవాడు, బావ కంప్యూటర్లోకి ఎక్కించుకుని క్యాసెట్టు తిరిగి ఇచ్చేవాడు. దాని మీద తర్వాతి ముహూర్తంలో ఏదో పెళ్లి ఎక్కేది. ఆ సాక్ష్యం మీదా అలాగే ఒక పెళ్లి ఎక్కింది. మిగిలింది డిస్కులో ఉన్న ప్రతే.

గ్రహణమైన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆవిడ బస్సులు మారి ఉక్కునగరం వచ్చింది. నేనూ బావా అప్పుడు ఆ డిస్కుతోనే కూర్చుని ఉన్నాం. గుమ్మంలోనే కూలబడింది. మంచినీళ్లిస్తే తాగి, "ఆ బొమ్మ మళ్లీ ఊళ్లో ఓపాలి ఏసి సూపించండి బాబూ" అంది.

ఆవిడ ఇంటి పక్క ఇంటి కోడలికి నెలలు నిండకుండానే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. గ్రహణం వేళ ఈవిడ తన పెరట్లో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూ ఉండగా ఎవరో చూశారు. పెదాలు కదిపిందన్నారు. కుళాయి దగ్గర మళ్లీ బిందె తన్నేశారు. పొద్దున్న ఎవరో ఆవిడ గుమ్మంలో ఒక రాయి పెట్టి వెళ్లారట, గుప్పిట్లో పట్టేంత రాయి.

"గ్రహణం వేళ బయట ఎందుకు కూర్చున్నావమ్మా?" అని బావ భార్య అడిగింది.

"ఈ బాబే కదమ్మా సెప్పేరు, గెరనానికి బయటుంటే ఏటీ అవదని" అంది నన్ను చూపించి. నింద ఏమీ లేదు ఆ గొంతులో. ఉన్న సంగతి చెప్పింది, అంతే.

నేను పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. ఇంకా ఏమీ జరగలేదు కదా, జరిగితే రండి అన్నారు. అప్పటి డాక్టర్ బదిలీ అయి వెళ్లిపోయాడు. బావ సెలవు పెట్టాడు.

అతను పని చేస్తుంటే పక్కన కూర్చోవడం తప్ప నాకు వేరే పని లేదు. తోటి ఉద్యోగి దగ్గర ఇంకో డిస్కు అరువు తెచ్చాడు, దొరికిందల్లా దానిమీదకు తీసుకోవడానికి. పోయిన డిస్కు మీద ఒక్క అక్షరం కూడా కొత్తగా రాయకుండా, మొదటినుంచి చివరిదాకా చదువుకుంటూ పోయే ఒక ప్రోగ్రాం పెట్టాడు. అది పాత భాగాల మొదళ్ల కోసం వెతుకుతుంది. డిస్కు లోపల సన్నగా గీరుతున్న చప్పుడు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొచ్చేది. పక్క క్వార్టర్ పెద్దాయన ఒకసారి తొంగిచూసి, "శాంతి సేయించీకూడదా బావా" అన్నాడు. ఎగతాళి కాదు, జాలిపడే అన్నాడు. నేను లేచి అతనికి అరగంట సేపు జవాబు చెప్పాను. నా మాటల్లో తప్పేమీ లేదు. గ్రహణం డిస్కును చెరపలేదు, అజాగ్రత్తగా నొక్కిన మీట చెరిపింది. ఆ మీట మర్నాడు నొక్కినా అంతే చెరిపేది. కానీ మర్నాడు ఎందుకు నొక్కుతాం? గ్రహణం లేకపోతే ఆ పూట, ఆ హడావిడిలో, జనం మధ్య ఆ పని పెట్టుకునేవాళ్లమే కాదు. దానికి భయపడినవాళ్లు తలుపులు మూసుకున్నారు, భయపడనివాళ్లం మైకు పెట్టాం. ఇద్దరికీ ముహూర్తం పెట్టింది మాత్రం అదే. ఈ ముక్క ఆయనతో అనలేదు.

రెండో భాగం మొదట దొరికింది. బావ బోర్డు తిరిగి పాతగానే ఫోల్డర్లన్నీ పేర్లతో సహా తెరమీద వరుసగా దిగాయి. నా వ్యాసాలు. రాశిఫలాల మీద రాసినవి, వాస్తు మీద రాసినవి, నేనిచ్చిన ఉపన్యాసాలు, నాకు వేసిన దండల ఫొటోలు. ఒక్క కామా కూడా పోలేదు. బావ నావైపు సంతోషంగా చూశాడు. నాకు ఆ తెరమీద ఉమ్మేయాలనిపించింది.

ఆవిడ వీడియో ఉన్నది మొదటి భాగంలో. నీలం గీత నడిచింది దాని మీదే.

అక్కడ బోర్డు పాతడానికి చోటే లేదు. పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. అప్పుడు ఇంకో రకం వెతుకులాట మొదలుపెట్టాడు. పేర్లతో నిమిత్తం లేకుండా, సరుకు ఆకారాన్ని బట్టి ఇది బొమ్మ, ఇది పాట అని ముక్కలు ఏరడం. సగం తెగిన ఫొటోలు వచ్చాయి. ఏదో సినిమా పాటలో చరణం వచ్చింది. చివరికి బడి అరుగు వచ్చింది.

అరుగు మీద ఊరిపెద్ద నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాలు. చెయ్యి ఎత్తి, దించి, ఏదో చెప్తున్నాడు. పక్కన నేను. కింద ఆడవాళ్లలో ఆవిడ, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. బొమ్మ కొంతసేపు నడిచి గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోయింది.

"సౌండ్ పెట్టు" అన్నాను.

"పెట్టేను బావా. నేదు."

గాలి హోరు తగ్గించాలని బావ అప్పట్లో మాటను బొమ్మనుంచి విడదీసి వేరే ఫైలుగా ఉంచాడు. ఆ ఫైలున్న చోట కొత్త సరుకు దిగింది. డిస్కంతా మళ్లీ మళ్లీ గాలించాడు. అతని సెలవు అయిపోయింది. ద్వారకానగర్లో ఒక దుకాణం వాళ్లకూ చూపించాడు. మీద ఇంకోటి రాసేసినదాన్ని ఎవరూ తేలేరని వాళ్లూ అదే చెప్పారు.

ఉన్నదాన్నే సీడీ మీదకు ఎక్కించి ఆ ఊరు తీసుకెళ్లాం. టీకొట్టు టీవీనీ సీడీ ప్లేయర్నీ బడి అరుగు మీద పెట్టించాం. ఊరు వచ్చింది. తెరమీద తమని తాము చూసుకుని కాసేపు నవ్వుకున్నారు కూడా. బొమ్మ విరిగి ఆగిపోయాక, నేను ఊరిపెద్దను ఆ మాట మళ్లీ ఒక్కసారి చెప్పమన్నాను.

"ఏ మాట?" అన్నాడు.

"ఆవిడ మీద మోపినది తప్పని ఇక్కడే నిలబడి చెప్పారు కదా. అదిగో, చెప్తూనే ఉన్నారు."

"ఏదీ, ఇనపడ్నేదే. ఆ రోజు నాను పింఛన్ల గురించి సెప్పేను."

"ఊరంతా విన్నారు."

"ఇన్నోల్లు సెప్పమనండి మరి."

నేను జనం వైపు తిరిగాను. ఒక్కొక్కరినీ చూశాను. విన్నవాళ్లే. కుళాయి దగ్గర ఆవిడకు చోటిచ్చినవాళ్లే. బిడ్డను పోగొట్టుకున్న ఆ ఇంటివాళ్లు ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. వాళ్ల ఎదుట నోరు విప్పడానికి ఎవరికీ మనసు రాలేదేమో, ధైర్యమే లేదేమో. ఊరంతా విన్న మాటను ఊరంతా మరిచిపోవడానికి ఏ మీటా నొక్కనక్కర్లేదు.

"నేను విన్నాను. నేను సాక్షిని" అన్నాను.

ఊరిపెద్ద నెమ్మదిగానే అన్నాడు. "మీరు ఆవిడ పచ్చం బాబూ. అయినా మీరే కదా మాకు నేర్పేరు, ఎవుడేటి సెప్పినా రుజువడగమని. బాబాలని అడగమన్నారు, భూతవైద్యుల్ని అడగమన్నారు. మిమ్మల్ని అడిగితే తప్పేటి? మీ పెట్టి గెరనం నాడే పోయిందంట. దేవుడికిష్టం నేని మాట దేవుడే సెరిపేసుకున్నాడు."

ఎన్నో సభల్లో ఎందరినో నోరు మూయించినవాణ్ని. దేవుడి గురించి అతనన్న మాటకు నా దగ్గర జవాబుంది, చెప్పాను. మొదటి మాటకు లేదు. రుజువు అడిగే హక్కు అతనికి ఉంది, నేనిచ్చిందే. అబద్ధం చెప్పి కూడా ఆ హక్కును వాడుకోవచ్చని నా పుస్తకాల్లో ఎక్కడా రాసి లేదు.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆవిడ మా వెనకే వచ్చింది. చేతిలో సంచి ఉంది. మాతో వచ్చేస్తుందనుకున్నాను. విశాఖలో ఏదైనా పని చూపించవచ్చని బావ అప్పటికే అంటున్నాడు.

"నానెక్కడికీ రాను. నా ఇల్లిక్కడే ఉంది" అంది. "నాకో సాయం సెయ్యండి. పల్లు పీకే డాకటేరు కాడికి తీసుకెల్లండి."

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక బస్సు స్టాపులోనే ఉపన్యాసం మొదలుపెట్టాను. అది వాళ్ల మూఢనమ్మకానికి తల ఒగ్గడమన్నాను. ఇవాళ నువ్వు ఒగ్గితే రేపు ఇంకో ఆడదాని నోటికి రాయి వస్తుందన్నాను. నిజమే చెప్పాను. ఆవిడ పూర్తిగా వింది.

"రాయికి మత్తుండదు కదా బాబూ" అంది. "డాకటేరైతే సూది ఏత్తాడు."

బావ మొహం తిప్పుకున్నాడు.

గాజువాకలో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. మా వైపు చాలామంది ఆడవాళ్లలాగే ఆవిడకూ అడ్డచుట్ట అలవాటు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. చిగుళ్లు నల్లబడి ఉన్నాయి. డాక్టరమ్మ అద్దంతో చూసి, "రెండు కదులుతున్నాయి, అవి తీసేయొచ్చు. మిగతావి గట్టిగానే ఉన్నాయి కదమ్మా, మందు వాడితే నిలుస్తాయి" అంది.

"అన్నీ నొప్పేనమ్మ. ముందువన్నీ తీసీండి."

"అన్నీనా?" డాక్టరమ్మ నావైపు తిరిగింది. "మీరు ఈవిడ మనుషులా? నిజంగా అంత నొప్పి పడుతోందా?"

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి నన్నే చూస్తోంది. గోడమీద మంచి పళ్లూ పుచ్చుపళ్లూ ఉన్న బొమ్మ ఒకటి వేలాడుతోంది. బావ బయట వరండాలోకి వెళ్లిపోయాడు.

"అవునండీ, పడుతోంది" అన్నాను.

కొన్ని విడతల్లో తీశారు. ప్రతిసారీ బావో నేనో తోడు వెళ్లాం. ఆఖరిసారి అయ్యాక ఆవిడ ఊరెళ్లి, ఎవరూ పిలవకుండానే కుళాయి దగ్గర నిలబడి, చెంగు తీసి నోరు తెరిచి చూపించిందట. బిందె పెట్టుకోనిచ్చారు. గుమ్మంలో రాయిని ఆవిడే తీసి పారేసింది.

మరుసటి ఏడు ఆ దారిన వేరే పని మీద వెళ్లాను. ఆవిడ వీధిలో కూర్చుని జీడిపిక్కలు ఎండబోస్తోంది. నన్ను చూసి లేచి ఏదో అడిగింది. పళ్లు లేక మాటలు జారిపోతున్నాయి. రెండుసార్లు అడిగించుకుంటే గానీ, అన్నం తిన్నారా అంటోందని నాకు తెలియలేదు.

ఊరిపెద్ద నన్ను బస్సు దాకా సాగనంపాడు. చాలా మర్యాదగా నడిచాడు. ఆ ఏడాది ఊళ్లో ఎవరికీ పెద్ద జబ్బు చెయ్యలేదని, ఒక్క పసిబిడ్డ కూడా పోలేదని, పక్కింటి కోడలికి మళ్లీ కాన్పయి తల్లీపిల్లా బాగున్నారని చెప్పాడు.

"సూసేరా బాబూ" అన్నాడు. "అప్పుడు మీరు రుజువని తిరిగేరు. ఇదే రుజువు."

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను.